చప్పుడు లేని చెరువులు

తెల్లవారుజాము అయిదున్నర. న్యూజెర్సీ రాష్ట్రం నడిమధ్యన ఉన్న అసన్‌పింక్ చెరువు మీద పొగమంచు ఇంకా విడలేదు. కారు పైకప్పుకి తాళ్లతో కట్టి తెచ్చిన పన్నెండడుగుల అల్యూమినియం పడవను తండ్రీకొడుకులిద్దరూ చెరో కొసా పట్టుకుని కంకర ర్యాంపు మీదుగా నీళ్లలోకి దించారు. తండ్రికి అరవై ఏడేళ్లు. సొంతూరు కైకలూరు దగ్గర, కొల్లేటి గట్టు మీద. కొడుకు ప్లెయిన్స్‌బరోలో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

పడవలో కూర్చోగానే పెద్దాయన చెయ్యి అలవాటుగా పక్కకి వెళ్లింది.

''గెడ ఏదిరా?''

''గెడ అక్కర్లేదు నాన్నా'' అంటూ కొడుకు పడవ వెనక బిగించిన నల్లటి పిడిని మెల్లగా తిప్పాడు. పడవ కదిలింది. చప్పుడు మాత్రం రాలేదు. ఒడ్డున మోకాల్లోతు నీళ్లలో నిలబడిన నీలి కొంగ తల కూడా తిప్పలేదు. పెద్దాయన వంగి నీళ్లలోకి చూశారు, మోటారు నిజంగా తిరుగుతోందా లేదా అని!

ఎడిసన్, ఇసెలిన్, సౌత్ బ్రన్స్‌విక్, ప్లెయిన్స్‌బరో... ఈ ఊళ్ల పేర్లు తెలుగువాళ్లకి కొత్త కాదు. పిల్లల దగ్గరికి వేసవిలో వచ్చి చలి మొదలయ్యేదాకా ఉండే తల్లిదండ్రులకు బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడి, నయాగరా, స్వేచ్ఛాప్రతిమ, ఓ రెండు పుట్టినరోజు పార్టీలు అయిపోతే మొదటి నెల గడుస్తుంది. తర్వాత నాలుగైదు నెలలు ఇల్లే. పొద్దున కారు గరాజ్ తలుపు మూసుకున్న చప్పుడు, సాయంత్రం తెరుచుకున్న చప్పుడు. మధ్యలో టీవీ. ఈ పెద్దాయన కూడా మే నెలంతా వెనకవైపు చెక్క అరుగు మీద కూర్చుని, పక్కింటాయన గడ్డి కోసే యంత్రం వంక చూస్తూ గడిపేశారు. కొడుక్కి అది కనిపిస్తూనే ఉంది. ఏం చెయ్యాలో తోచలేదు. పనిచేసే చోట ఒక సహోద్యోగి పడవ అమ్ముతున్నాడంటే, చేపల ఊరి మనిషి కదా అని కొనేశాడు. పడవ కొనడం తేలికే. దాన్ని ఎక్కడ దించాలో కనుక్కోవడానికే మూడు వారాలు పట్టింది.

ఎవరు తాగే నీళ్లు?

మొదటి వారం తప్పు చెరువుకే వెళ్లారు. హొపాట్కాంగ్. రాష్ట్రంలో అన్నిటికంటే పెద్ద చెరువు, సుమారు 2,500 ఎకరాలు. కొండలు, చుట్టూ ఇళ్లు, ఇంటింటికీ ఓ చెక్క రేవు, బొమ్మలో చూస్తే ఇంతకంటే అందమైన చోటు లేదనిపిస్తుంది. వేసవి శనివారం మధ్యాహ్నం అక్కడికి చిన్న పడవతో వెళ్లడమంటే జాతీయ రహదారి మీదికి సైకిలేసుకుని వెళ్లడమే. స్పీడుబోట్లు, వాటి వెనక తాడు పట్టుకుని జారే కుర్రాళ్లు, నీటి మీద స్కూటర్లలాంటి జెట్ స్కీలు. ఒక్కోటి వెళ్లినప్పుడల్లా అల వచ్చి పన్నెండడుగుల పడవను ఉయ్యాలూపుతుంది. అరగంటకే పెద్దాయన ''పదరా, ఒడ్డుకెళ్దాం'' అన్నారు.

అక్కడ నేర్చుకున్నది ఒకటే. ప్రశాంతమైన చెరువు కావాలంటే అందమైన చెరువును వెతక్కూడదు. ఆ నీళ్లు ఎవరివో, ఎందుకు నిలబెట్టారో కనుక్కోవాలి. ఒడ్డున జనం ఇళ్లు కట్టుకున్న చెరువులో ఇంజిన్లు ఉంటాయి. ఏదో ఒక ఊరు తాగే చెరువులో సాధారణంగా ఉండవు. న్యూజెర్సీలో చాలా జలాశయాల ర్యాంపుల దగ్గర బోర్డు మీద ఒకే వాక్యం కనిపిస్తుంది: ఎలక్ట్రిక్ మోటార్లు మాత్రమే.

దానికి కారణం చప్పుడు ఒక్కటే కాదు. పాతకాలపు టూ స్ట్రోక్ పడవ ఇంజిన్లలో పోసిన పెట్రోలులో నాలుగో వంతు దాకా కాలకుండానే నీళ్లలో కలిసిపోయేది. తాగే నీటిలో దాన్ని ఎవరు ఒప్పుకుంటారు? ఆ కట్టుబాటు వల్ల ఊరికి శుభ్రమైన నీళ్లు, దానితోపాటు చేపలు పట్టేవాడికి కొసరుగా నిశ్శబ్దం.

కాబట్టి వెతకడానికో పద్ధతి ఏర్పడింది. రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి విభాగం జనం చేపలు పట్టుకోగల చెరువుల జాబితా ఇస్తుంది. అందులో ర్యాంపు ఉన్నవి ఒక పక్కకి, ఇంజిన్ల మీద కట్టుబాటు ఉన్నవి మరో పక్కకి తీసి, రెండింటిలోనూ ఉన్నవాటిని ఇంటి నుంచి గంట ప్రయాణం లోపల పటం మీద గుర్తు పెట్టుకుంటే సరి. 'తొమ్మిది పాయింట్ తొమ్మిది హార్స్‌పవర్ దాకా' అని రాసి ఉన్నవి కూడా కొన్ని ఉంటాయి, రౌండ్ వ్యాలీ, స్ప్రూస్ రన్ లాంటివి. అవి చిన్న పడవకి పెద్ద నీళ్లు. రౌండ్ వ్యాలీ అయితే 2,000 ఎకరాలు దాటిన జలాశయం, గాలి లేచిందంటే సముద్రమే. ఎందరో మునిగిపోయారక్కడ. కొత్తవాళ్లు ఆ వైపు చూడకపోవడమే మంచిది.

అసన్‌పింక్ ఈ జల్లెడలో మిగిలిన మొదటి చెరువు. 225 ఎకరాలు. చుట్టూ వేల ఎకరాల పొలాలు, పొదలు, అడవి, అంతా రాష్ట్రం ఆధీనంలోని వన్యప్రాణి క్షేత్రం. ఇల్లు ఒక్కటి కనిపించదు. పక్కనే స్టోన్ టావెర్న్, రైజింగ్ సన్ అని మరో రెండు చిన్న చెరువులు. పెద్ద చెరువులో గాలి వేస్తే చిన్నదానికి మారొచ్చు. అసన్‌పింక్ అన్నది ఇక్కడి మూలవాసులైన లెనాపీ జనం మాట, రాళ్లున్న వాగు అని అర్థం చెబుతారు. ఈ వాగు ఒడ్డునే ట్రెంటన్ దగ్గర 1777 జనవరి 2న జార్జి వాషింగ్టన్ సేన బ్రిటిష్ వాళ్లని నిలవరించింది. ఇప్పుడు అక్కడ తుపాకుల మోత నవంబరులో, ఫెజంట్ పక్షుల వేట మొదలైనప్పుడు. నిశ్శబ్దం కోసం వెళ్లేవాళ్లు ఆ శనివారాలు మానుకోవాలి!

ఫార్గోలో పుట్టిన మోటారు

పడవ వెనక తిరిగే ఆ బుల్లి మోటారును ట్రోలింగ్ మోటార్ అంటారు. దీనికి తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. నార్త్ డకోటాలోని ఫార్గో ఊళ్లో ఓ.జి. ష్మిట్ అనే ఆయన 1934లో ఫోర్డ్ మోడల్-ఎ కారు స్టార్టర్ మోటారు తీసి, దానికో వంగే కడ్డీ, ఫ్యాన్ రెక్క తగిలించి పడవకి బిగించాడు. మిన్నెసోటా, డకోటాల సరిహద్దు మీద పుట్టింది కాబట్టి ఆ కంపెనీకి మిన్ కోటా అని పేరొచ్చింది. ఇప్పటికీ ఆ పేరుతోనే వస్తున్నాయి.

దీని బలాన్ని హార్స్‌పవర్‌లో కాకుండా నీటిని ఎన్ని పౌండ్ల బలంతో నెడుతుందో దాన్నిబట్టి చెబుతారు. 30, 40, 55 పౌండ్లు... చిన్న పడవకి ఇవి చాలు. వేగం మనిషి చకచకా నడిచినంత. తొందరపడేవాడికి ఇది పనికిరాదు.

అసలు కథంతా బ్యాటరీదే. కారు బ్యాటరీ పెడితే కొన్నాళ్లకే పాడైపోతుంది. అది ఒక్క క్షణం గట్టిగా కరెంటు ఇచ్చి ఊరుకునే రకం. ఇక్కడ గంటల తరబడి నిదానంగా ఇచ్చే బ్యాటరీ కావాలి. కరెంటు కోతల రోజుల్లో మన ఇళ్లలోకి వచ్చిన ఇన్వర్టర్ బ్యాటరీలు ఈ జాతివే. కొడుకు అలా చెప్పగానే పెద్దాయనకి సగం సందేహాలు తీరిపోయాయి. ''అయితే డిస్టిల్డ్ వాటర్ పోశావా?'' అన్నదే ఆయన అడిగిన మొదటి ప్రశ్న.

55 పౌండ్ల మోటారు పూర్తి వేగంతో తిరిగితే ఇంచుమించు 50 ఆంపియర్లు లాగుతుంది. 100 ఆంపియర్-అవర్ లెడ్ బ్యాటరీ ఉందనుకోండి, దాన్ని సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి లెక్కకి ఒక గంట ప్రయాణం. అదే వేగం తగ్గించి పది ఆంపియర్లకి తెచ్చుకుంటే అయిదు గంటలు! వేగం సగమైతే కరెంటు ఖర్చు సగం కాదు, అంతకంటే చాలా తగ్గుతుంది. నీళ్లు పడవను పట్టుకుని వెనక్కి లాగే తీరు అలాంటిది. కొత్తగా వచ్చిన లిథియం బ్యాటరీ బరువులో సగం కూడా ఉండదు, పూర్తిగా వాడుకోవచ్చు. ధర చూస్తే మాత్రం లెడ్ బ్యాటరీయే ముద్దొస్తుంది.

బ్యాటరీ పడవే కదా అని కాగితాల సంగతి వదిలేస్తే పొరపాటు. మోటారు ఉన్న పడవ ఏదైనా, ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్ చేయించి ముక్కు మీద నంబరు అంటించాల్సిందే. మనిషికో లైఫ్‌జాకెట్, చిన్నపిల్లలైతే తొడుక్కునే కూర్చోవాలి. గాలం పట్టే వాళ్లకి పదహారేళ్లు నిండితే చేపల లైసెన్సు కావాలి, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకి కూడా. ఆ లైసెన్సు కాగితం మీద పేరు చూసుకుని పెద్దాయన నవ్వారు. పుట్టినప్పటి నుంచీ చేపల మధ్యే బతికిన మనిషికి చేపలు పట్టొచ్చని ఒక ప్రభుత్వం రాసివ్వడం ఇదే మొదటిసారి.

పులుసుకా, పలకరింపుకా?

జూన్ మొదటి వారం అది. రెండో గంటలోనే పెద్దాయన గాలానికి చేప తగిలింది. ఆకుపచ్చ ఒళ్లు, పెద్ద నోరు, కిలో పైనే ఉంటుంది. ఇక్కడి వాళ్లు ప్రాణం పెట్టే లార్జ్‌మౌత్ బాస్. ఆయన మొహం వెలిగిపోయింది. కొడుకు దాన్ని చేతిలోకి తీసుకుని, గాలం విడదీసి, ఒక ఫొటో తీసి, నీళ్లలోకి వదిలేశాడు.

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు. ''ఒరేయ్, మీరు చేపను పట్టేది పులుసుకా, పలకరింపుకా?''

కారణం ఉంది. న్యూజెర్సీలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 15 దాకా బాస్ చేపను పట్టినా వదిలేయాలి. గుడ్లు పెట్టి కాపలా కాసే రోజులవి. కొడుకు ఆ తారీఖులు చెప్పగానే పెద్దాయనకి ఇంకేమీ వివరించాల్సిన పని లేకపోయింది. మన తూర్పు తీరంలో సముద్రం మీద వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకానే కదా! రెండు సముద్రాల అవతల, మంచినీటి చెరువులో కూడా అవే రోజులు. ''అయితే సరే'' అన్నారు.

అన్నీ వదిలేయాలనేం లేదు. బ్లూగిల్ అని అరచేయంత సన్‌ఫిష్ ఉంటుంది, వానపాము ముక్క చూపిస్తే చాలు, బెండు మునిగిపోతుంది. పిల్లలకి మొదటి చేప సాధారణంగా ఇదే. మన జెల్లని గుర్తుచేసే చానెల్ క్యాట్‌ఫిష్ ఉంది, చీకటి పడుతుంటే తగులుతుంది. బంగారుతీగ ఇక్కడ కార్ప్. బురద తిని బతికే చేపని అమెరికన్లు దాన్ని తినరు. మొసలిలాంటి మూతితో చెయిన్ పికరెల్ అని ఒకటి, దాని నిండా ముళ్లు. ముళ్లు తీయగలిగిన వాళ్లకి ఇదో లెక్క కాదు కానీ, బాస్, పికరెల్ లాంటి వేటచేపల్లో పాదరసం పేరుకుంటుందని రాష్ట్ర ప్రభుత్వం ఏ చెరువు చేపలు నెలకి ఎన్నిసార్లు తినొచ్చో పట్టిక ఇస్తుంది. గర్భిణులకి, పిల్లలకి ఇంకా తక్కువ. పులుసు పెట్టుకునే ముందు ఆ పట్టిక చూడటం అవసరం. ఇంత శుభ్రమైన నీళ్లలో పాదరసమేమిటంటే, అందులో చాలాభాగం బొగ్గు కాల్చే విద్యుత్ కేంద్రాల పొగలోంచి గాలిలో కలిసి వానతో దిగిందే. ఇంజిన్లను ఆపిన బోర్డు పొగని ఆపలేదుగా.

పెద్దాయనని అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది కొర్రమీను సంగతి. తెలంగాణ 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించుకున్న కొర్రమీనుకి చైనా వైపు ఒక దాయాది ఉంది, నార్తర్న్ స్నేక్‌హెడ్. 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ ఊళ్లో ఓ కుంటలో అది కనిపిస్తే పత్రికల్లో పతాక శీర్షికలయింది. స్థానిక చేపల్ని తినేస్తుందని ఆ కుంటకి మందు పెట్టి చంపారు. ఇప్పుడు న్యూజెర్సీలోనూ డెలావేర్ నది వైపు ఉంది. గాలానికి పడితే తిరిగి నీళ్లలోకి వదలకూడదు, చంపి అధికారులకి కబురు చేయాలి. ''పట్టిన బాస్‌ని వదిలెయ్యాలి, కొర్రమీనుని వదలకూడదు. ఇదేం ఊర్రా!'' అని పెద్దాయన ఆ రోజంతా తలచుకుని నవ్వుతూనే ఉన్నారు.

గాలికి ఎదురెళ్లి...

జూలై దాకా వారానికో చెరువు. వెస్ట్ విండ్సర్ దగ్గర మెర్సర్ లేక్ అసన్‌పింక్ వాగు మీదే, దిగువన ఉంటుంది. అమెరికా జాతీయ రోయింగ్ జట్లు ఏళ్ల తరబడి సాధన చేసిన చోటు. ఎనిమిదేసి మంది తెడ్లు వేసుకుంటూ కత్తిలా దూసుకెళ్లే సన్నటి పడవల్ని చూడటానికైనా వెళ్లాలి. వాటి దారికి అడ్డం పడకుండా ఒడ్డు వారనే ఉండాలి మరి.

నార్త్ బ్రన్స్‌విక్ పక్కన ఫారింగ్టన్ లేక్ ఇంకో రకం. న్యూ బ్రన్స్‌విక్ పట్టణానికి నీళ్లిచ్చే జలాశయం. లారెన్స్ బ్రూక్ అనే వాగుకి ఆనకట్ట వేయడం వల్ల సన్నగా, పొడుగ్గా, వంకరలు పోతూ సాగుతుంది. రెండు పక్కలా చెట్లు. పెద్దాయన చూడగానే ''ఇది చెరువు కాదురా, కాలవ'' అన్నారు. అదే దాని గొప్ప. గాలి లోపలికి దిగదు. పది నిమిషాల దూరంలో దోసెల హోటళ్లు, ఇండియన్ కిరాణా కొట్లు, నిత్యం ట్రాఫిక్కు. వాటికి ఇంత దగ్గర్లో తాబేళ్లు దుంగల మీద ఎండ కాచుకునే చోటు ఉందని అక్కడుండే తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు.

గాలి విషయం నిజంగా తెలిసొచ్చింది మాత్రం మనాస్క్వాన్‌లో. హోవెల్ దగ్గర 770 ఎకరాల తాగునీటి జలాశయం అది. ఇక్కడ కూడా ఎలక్ట్రిక్ మోటార్లే. చుట్టూ అయిదు మైళ్ల కాలిబాట, ఓ పక్క నీళ్లలో నిలబడిపోయిన మోడులు, పైన బట్టతల డేగల గూళ్లు. ఆ ఆదివారం పొద్దున నీళ్లు అద్దంలా ఉన్నాయి. బయల్దేరుతుంటే పెద్దాయన ఆకాశం చూసి, ''మధ్యాహ్నానికి పడమటి గాలి లేస్తుందేమో. ముందు అటే వెళ్దాం. పోయేటప్పుడు గాలికి ఎదురెళ్లాలి, వచ్చేటప్పుడు గాలితో రావాలి'' అన్నారు. ఫోన్‌లో వాతావరణం చూసిన కొడుకు ''ఇవాళ గాలే లేదు నాన్నా'' అని మోడులున్న తూర్పు కొసకి తీసుకెళ్లాడు. చేపలు బాగానే తగిలాయి.

పదకొండున్నరకి గాలి లేచింది. ముందు నీళ్ల మీద ముడతలు, తర్వాత చిన్న అలలు, ఆ తర్వాత వాటి తలల మీద తెల్లటి నురగ. పడవ ముక్కు ఎంత తిప్పినా గాలి పక్కకి తోసేస్తోంది. కొడుకు మోటారు పూర్తి వేగంలో పెట్టాడు. ఒడ్డున ఒక చెట్టుని గుర్తు పెట్టుకుని చూస్తే పడవ ముందుకి వెళ్తోందా, వెనక్కి జారుతోందా తెలియడం లేదు. అరగంటలో బ్యాటరీ మీటర్‌లో చివరి గీత మిగిలింది. తర్వాత మోటారు మూలిగి ఆగిపోయింది.

పడవలో రెండు తెడ్లున్నాయి, ఎందుకైనా మంచిదని పెట్టినవి. పెద్దాయన కొడుకుని ముందుకి వెళ్లి కూర్చోమన్నారు. ''ముక్కు బరువుండాలి. నడిమధ్యకి పోవద్దు, ఒడ్డు పట్టుకుని పోదాం.'' నేరుగా వెళ్తే దగ్గరగా కనిపించే ర్యాంపుని వదిలేసి, చెట్ల చాటున, గాలి తగలని ఒడ్డు వెంట, వంపు వంపుకీ ఆగుతూ తెడ్డు వేయించారు. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు తోయాలో ఆయన చెబుతుంటే కొడుకు చేశాడు. గంటన్నర పట్టింది. ఒడ్డుకి చేరాక ఇద్దరి చేతులూ బొబ్బలు. ''నేను ముందే చెప్పాను'' అని ఆయన అనలేదు. ఆ మరుసటి వారం నుంచి పడవ ఏ దిక్కుకి వెళ్లాలో నిర్ణయించే పని మాత్రం ఆయనదే.

ఇంటికి వెళ్తూ కారులో ఆయనే మొదలుపెట్టారు. కొల్లేరు సంగతి. చిన్నప్పుడు తాటిదోనెలో వెళ్తూ దోసిట్లోకి తీసుకుని తాగిన నీళ్లు, అటపాక వైపు దిగే గూడబాతులు. ఆ తర్వాత వచ్చిన చేపల చెరువులు, వాటిలోకి నీళ్లు తోడే డీజిలు ఇంజిన్ల మోత, రాత్రింబవళ్లు. ఆయన పరాయి మనిషిలా మాట్లాడటం లేదు. అలాంటి ఒక చెరువులో ఆయనకీ వాటా ఉండేది. కొల్లేరును ప్రభుత్వం 1999లో అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అది రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరుతో గట్లు తెగ్గొట్టినప్పుడు ఆ వాటా కూడా నీళ్లలో కలిసింది. ఆ ఏడాదే కొడుకు ఇంజినీరింగ్‌లో చేరాడు. ఫీజుకి ఎక్కడి నుంచి తెచ్చారో కొడుకు ఎప్పుడూ అడగలేదు, ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు కారులో చెప్పారు.

చెప్పి, కాసేపాగి అడిగారు. ''ఈ చెరువులు కట్టకముందు ఇక్కడ ఎవరుండేవాళ్లు?''

రౌండ్ వ్యాలీ సంగతి కొడుక్కి తెలుసు. 1960లలో అక్కడి లోయలో పొలాలూ ఇళ్లూ మునిగిపోతే ఏర్పడిన జలాశయం అది. మనాస్క్వాన్ సంగతి తెలియదు. ''కనుక్కో'' అన్నారాయన.

మోడుల మధ్య

ఆగస్టులో గంట ప్రయాణం చేసి మెరిల్ క్రీక్‌కి వెళ్లారు. వారెన్ కౌంటీలో కొండ మీద ఉంటుంది. 650 ఎకరాలు, కొన్నిచోట్ల రెండొందల అడుగులకు పైగా లోతు. ఇది తాగునీటి చెరువు కాదు, వరదల కోసం కట్టిందీ కాదు. విద్యుత్ కంపెనీలు కొన్ని కలిసి 1988లో కట్టుకున్నాయి. వాళ్ల కేంద్రాలు డెలావేర్ నది నీళ్లు వాడుకుని ఆవిరి చేస్తాయి కాబట్టి, కరవు వచ్చి నది తగ్గినప్పుడు ఆ మేరకి తిరిగి వదలాలి. నదిలోంచే పంపులతో ఎక్కించి ఈ కొండ మీద దాచిపెడతారు. అప్పు తీర్చడం కోసం కట్టిన చెరువన్నమాట! లోతైన చల్లటి నీళ్లలో లేక్ ట్రౌట్ బతుకుతుంది. అందమంటే ఆ కొసన నీళ్లలో మునిగి నిలబడిపోయిన చెట్లు. ఆకులు రాలి, బెరడు ఊడి, వెండిలా తెల్లబడి వరసలుగా నిలబడి ఉంటాయి. పడవ వాటి మధ్యలోంచి నడుస్తుంటే మోటారు చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. ఆ రోజు ఒక్క చేప కూడా తగల్లేదు. ఎవరికీ కోపం రాలేదు.

ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి వెళ్లేటప్పుడు పడవకి, మోటారుకి అంటుకున్న నాచూ ఆకులూ దులపడం ఇక్కడ పట్టింపు. నీటి చెస్ట్‌నట్ అనే కలుపు మొక్క ఒక ముక్క చాలు, మరో చెరువంతా అల్లుకుంటుంది. ఉత్తరాదిన సింఘాడా అని ఉడకబెట్టుకు తినే కాయ ఈ మొక్కదే. గుర్రపుడెక్కతో జీవితమంతా కుస్తీ పట్టిన పెద్దాయనకి ఆ జాగ్రత్త ఎవరూ చెప్పక్కర్లేదు. బకెట్టూ గుడ్డా పట్టుకుని ఆయనే ముందు దిగేవారు.

అక్టోబరు రెండో వారంలో ఆయన తిరుగు ప్రయాణం. ముందు ఆదివారం ఫారింగ్టన్‌కి వెళ్లొచ్చారు. ఒడ్డు చెట్లన్నీ ఎర్రబడి, ఆకులు నీళ్ల మీద తేలుతున్నాయి. ఇంటికొచ్చి గరాజ్‌లో బ్యాటరీకి ఛార్జర్ తగిలిస్తుంటే పెద్దాయన మోటారు చేత్తో ఎత్తి చూశారు.

''ఇది ఎంత బరువుంటుందిరా?''

''పది, పన్నెండు కిలోలు.''

''పెట్టెలో పడుతుందా?''

కొడుక్కి అర్థమయ్యేసరికి కాస్త టైము పట్టింది. ''పడుతుంది కానీ, బ్యాటరీని విమానం ఎక్కనివ్వరు నాన్నా.''

''ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉందిగా.''

''అది ఒక మనిషి బరువుంటుంది. దోనెలో పెడితే మీరు, అమ్మ, బ్యాటరీ...''

''మీ అమ్మ గట్టు మీదుంటుందిలే'' అన్నారాయన. లోపలి నుంచి ఆవిడ ఏదో అంది, వినిపించలేదు.

''అక్కడ గుర్రపుడెక్క నాన్నా. రెండు నిమిషాల్లో ఫ్యాన్‌కి చుట్టేసుకుంటుంది.''

వచ్చేటప్పుడు ఆవకాయ జాడీలు తెచ్చిన అట్టపెట్టె గరాజ్ మూలనే ఉంది. పెద్దాయన దాన్ని దగ్గరికి లాక్కుని, మోటారు కడ్డీ పక్కన పెట్టి పొడుగు కొలుచుకుంటూ అన్నారు. ''అందుకే గెడ కూడా ఉంచుకుంటాలే.''